పాత పేరుతో పిలిస్తే

కందుకూరు పొగాకు వేలం కేంద్రం,
మెట్ల కింద గది.
నాకు తోడు ఏసీ ఒక్కటే,
అదీ ఆకు ధూళికి దగ్గుతోంది.

రాత్రి పదకొండింటికి అప్‌గ్రేడ్ మొదలెట్టాను.
రెండింటికి అయిపోయిందని చెప్పింది మిషను
ఆకుపచ్చ అక్షరాల్లో, పెళ్లికి పిలిచినంత మర్యాదగా.
రీబూట్ కొట్టి
ఫ్లాస్కు మూత తిప్పాను.

ఒకే ఇనప పెట్టెలో నాలుగు కాపురాలు:
తూకం, వేలం, బిల్లు, బ్యాంకు.
లేని గోడల మధ్య లేని మిషన్లు.
అవి ఉన్నాయని అందరం నమ్మబట్టే
రోజుకి ఎనిమిది వందల బేళ్లు చేతులు మారతాయి.

ఒక్కటీ లేవలేదు.

స్టార్ట్. ఎర్రగీత.
స్టార్ట్. ఎర్రగీత.
గుంటూరు నుంచి మా సారు ఆవులిస్తూ
"ఇంకోసారి ఆపి వెయ్యి" అన్నాడు.
ఆపి వేశాను. మూడోసారి
ఎవరిమీదో కసి ఉన్నట్టు వేశాను.

మెమరీ చాలలేదేమో అనుకున్నా. బోలెడుంది.
డిస్కు పోయిందేమో అనుకునేసరికి అరచేతులు చల్లబడ్డాయి.
డిస్కు భద్రం.
నిన్న సాయంత్రం ఆఖరి బేలు దాకా,
వోలేటివారిపాలెం నుంచి వచ్చిన కరీముల్లా బేలు,
గ్రేడు, కిలోలు, పైసలతో సహా.
లోపల అంతా ఉంది.
తలుపే రావట్లేదు.

ఇక లాగ్ చదవడమే మిగిలింది.
మా మేనత్త సుబ్బరత్తమ్మ
బ్యారన్ అద్దంలోంచి థర్మామీటర్ చూసేది,
పచ్చాకు పసుపెక్కే రాత్రి, గంటగంటకీ లేచి,
తొందరపడితే ఆకు మాడుద్దని తనలో తను చెప్పుకుంటా.
అట్టా చదివాను.
నూట పన్నెండో గీతలో దొరికింది:
అడిగిన బ్రిడ్జి లేదు.

పైకే అన్నానేమో,
గేటు దగ్గర్నుంచి వచ్చిన మాలకొండయ్య
"ఏ బ్రిడ్జమ్మాయ్, మన్నేటి మీదదా?
మొన్న ఆటోలో దాటొచ్చాగా!" అన్నాడు.
తెల్లారగట్ల నాలుగింటికి నవ్వితే
కళ్లలో నీళ్లు కూడా వస్తాయి.

"అది కాదు తాతా. నెట్‌వర్క్ కార్డని ఒకటుంది.
కొత్త సాఫ్ట్‌వేరు దానికి రాత్రికి రాత్రి పేరు మార్చింది.
కార్డు అదే, తీగ అదే, తీగ దూరిన బెజ్జం కూడా అదే.
బ్రిడ్జి దాన్ని పాత పేరుతో పిలుస్తోంది.
అది పలకట్లా.
అది పలక్కపోతే బ్రిడ్జి లేదు, బ్రిడ్జి లేకపోతే ఇవి లేవవు."

వెలిగించని బీడీ వేళ్ల మధ్య తిప్పి తిప్పి
"మనూరికి జరిగిందేగా" అన్నాడు.
"ప్రకాశంలో పడుకుని నెల్లూరులో లేచాం.
నా పింఛను కాగితం రెండు నెల్లు ఒంగోలులోనే తిరిగింది.
నేనేమో ఈడే ఉండా,
ఇదే గేటు, ఇదే కాలిరిగిన కుర్చీ."

ఒక ఫైలు. అందులో ఒక గీత.
పాత పేరు చెరిపి కొత్తది కొట్టాను,
ఒక అక్షరం తప్పు కొట్టి
మళ్లీ కొట్టాను.
బ్రిడ్జి లేచింది.
తూకం లేచింది. వేలం లేచింది.
బ్యాంకు నసిగి నసిగి, చివరికి లేచింది.

బిల్లు లేవలేదు.
దాని జబ్బు వేరు. ఎప్పుడో పన్నెండేళ్ల కింద
ఎవరో కట్టిన పాత నమూనా మిషను అది.
అట్టాంటిది ఒకటుండేదని కూడా
కొత్త సాఫ్ట్‌వేరుకి గుర్తు లేదు.

ఆరున్నర. బయట ట్రాక్టర్లు ఆగిన చప్పుడు,
తడి గోనెపట్టా వాసన,
బేళ్ల మీద కూర్చుని టీ ఎక్కడని అడిగే గొంతులు.
గుంటూరు ఫోను ఎత్తట్లేదు.

మాలకొండయ్య అటక మీంచి
చేతి బిల్లు పుస్తకాల కట్ట దించాడు, కార్బన్ కాగితాలతో సహా.
మొదటి బిల్లు నేనే రాశాను.
పైన అచ్చులో ఇంకా ప్రకాశం జిల్లా.
కొట్టేయాలా అని పెన్ను ఆపాను.

కరీముల్లా దానికేసి చూడనుకూడా లేదు.
కిలోలు సరిచూసుకుని
సంతకం పెట్టి
నా పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.